బరంపురం నుంచి కోల్‌కతా: ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు హాయిగా తిరిగి రావాలంటే

మాది ఒడిశాలోని బరంపురం. మొదటిసారి కోల్‌కతా వెళ్లినప్పుడు రెండు రోజుల్లో పదకొండు చోట్లు చూడాలని కాగితం మీద రాసుకున్నాం. ఏడు చూశాం. ఇప్పుడు నాకు గుర్తున్నవి రెండే. గురువారం కావడంతో మూసి ఉన్న జంతుప్రదర్శనశాల గేటు ముందు మా చిన్నవాడి ఏడుపు ఒకటి. ఆ రాత్రి వేడినీళ్ల బకెట్లో పాదాలు పెట్టుకుని మా అత్తగారు అన్న మాట ఇంకొకటి: "మన ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రలో ఊరంతా తిరిగినా కాళ్లు ఇంత లాగలేదమ్మా."

ఆ తర్వాత మరో మూడుసార్లు వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ చోట్లు తగ్గించాం, తిరిగొచ్చాక చెప్పుకునే కబుర్లు మాత్రం పెరిగాయి. పెద్ద నగరానికి విహారం అంటే ఏం చూడాలో రాసుకోవడం అందరూ చేసేదే. ఏం వదిలేయాలో ముందే రాసుకోవడం నేర్చుకోవడానికి నాకు రెండు ప్రయాణాలు పట్టాయి.

కోల్‌కతానే ఎందుకంటే, మా గంజాం జిల్లా తెలుగువాళ్లకు విశాఖ వెళ్లడం విహారం కాదు, చుట్టరికం. అక్కడ దిగితే పిన్ని ఇంట్లో భోజనం, బావగారింట్లో కాఫీ, మధ్యలో ఎవరిదో నిశ్చితార్థం. సముద్రం మనకు గోపాలపురంలోనే ఉంది. ఎవరూ చుట్టాలు లేని పెద్ద నగరం కావాలంటే హౌరా బండి ఎక్కాల్సిందే. బరంపురం నుంచి దాదాపు 600 కిలోమీటర్లు, తొమ్మిది పది గంటల ప్రయాణం. పర్లాకిమిడి వాళ్లు పలాసకో బరంపురానికో వచ్చి ఎక్కవచ్చు. రాయగడ, కోరాపుట్ వాళ్లకు జగదల్‌పూర్ నుంచి వచ్చే సమలేశ్వరి ఎక్స్‌ప్రెస్ నేరుగా హౌరా వెళుతుంది కానీ, సంబల్‌పూర్ మీదుగా చుట్టు తిరిగి పోతుంది. ముసలివాళ్లు వెంట ఉంటే ఆలోచించుకోండి.

1. ముందు వారం చూడండి, తర్వాత తేదీ

నెలల సంగతి తేలిక. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. ఏప్రిల్, మే నెలల్లో అక్కడి ఉక్కపోత మన ఊరి ఉక్కపోతకు అక్క. దుర్గాపూజ రోజుల్లో నగరం అద్భుతంగా ఉంటుంది, 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కానీ మండపాలన్నీ రాత్రిపూట, జనంలో, నడిచి చూడాల్సినవే. చంకలో పిల్లలు, వెంట పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఆ రోజులు తప్పించుకోవడమే మేలు. అక్టోబరులో మనకు తుపాన్ల భయం ఎలాగూ ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తున్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. బండి రద్దయితే టికెట్ డబ్బు తిరిగొస్తుంది. గది డబ్బు రావాలంటే మాత్రం రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకుని ఉండాలి.

అసలు ప్రణాళిక వారాల మీద నడుస్తుంది. విక్టోరియా మెమోరియల్ లోపలి ప్రదర్శనశాల, ఇండియన్ మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. అలీపూర్ జంతుప్రదర్శనశాలకు గురువారం సెలవు. కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు ఆదివారం చాలామటుకు తెరవరు. కాళీ గుళ్లలో మంగళ, శనివారాలు జనం విపరీతం. ఆదివారం పిల్లలున్న చోట్లన్నీ కిక్కిరిసిపోతాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మంగళవారం రాత్రి బయలుదేరి, బుధ, గురు, శుక్ర, శనివారాలు అక్కడ ఉండి, శనివారం రాత్రి బండికి తిరిగి రావడం మాకు బాగా కుదిరింది. ఆదివారం ఇంట్లో బట్టలు ఉతుక్కుని నిద్రపోవచ్చు. ఆ ఒక్క రోజు చేతిలో లేకపోతే సోమవారం ఆఫీసుకు వెళ్లే మనిషి విహారాన్ని తిట్టుకుంటూ వెళతాడు.

2. టికెట్: మూడు చోట్ల పొరపాటు పడతారు

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరు దాకా 120 రోజులుండేది. ఆ పాత లెక్క తలలో పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వెళ్లేదీ తిరిగొచ్చేదీ విడివిడిగా తెరుచుకుంటాయి కాబట్టి క్యాలెండరు మీద రెండు రోజులూ గుర్తు పెట్టుకోండి. తత్కాల్ మీద ఆధారపడి విహారం పెట్టుకోకండి. ఏసీకి ముందురోజు ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు మొదలవుతుంది, దొరికితే అదృష్టం. కుటుంబం మొత్తానికి ఒకే పెట్టెలో దొరికితే పూర్వజన్మ సుకృతం.

మొదటి పొరపాటు అర్ధరాత్రి తేదీ. మన స్టేషనుకు రాత్రి 12 దాటాక వచ్చే బండి ఎక్కుతుంటే, మంగళవారం రాత్రి అని మనం అనుకునేది టికెట్ మీద బుధవారం అవుతుంది. మా వీధిలో ఒక కుటుంబం సామానంతా సర్దుకుని స్టేషనుకు వెళ్లేసరికి వాళ్ల బండి ముందు రాత్రే వెళ్లిపోయింది.

రెండోది దిగే స్టేషను. కోల్‌కతా బండ్లన్నీ హౌరా పోవు. కొన్ని షాలిమార్‌లో, కొన్ని సంత్రాగాఛీలో ఆగిపోతాయి. అవి కూడా నదికి హౌరా ఉన్న ఒడ్డునే ఉన్నా, హౌరా బయట దొరికినంత సులువుగా అక్కడ వాహనాలు దొరకవు. టికెట్ మీద ఏ పేరుందో చూసుకోండి.

మూడోది మన ప్రాంతం వాళ్లకే ప్రత్యేకమైన తలనొప్పి. మన ఇంటిపేరు తెలుగు పద్ధతిలో ముందుంటుంది, ఒడిశా బడి రికార్డుల్లో వెనక్కి పోతుంది, ఆధార్‌లో ఇంకెక్కడో ఉంటుంది. టికెట్‌కూ గదికీ ఆధార్‌లో ఎలా ఉందో అచ్చంగా అలాగే రాయండి. హోటల్లో ప్రతి పెద్ద మనిషికీ గుర్తింపు కార్డు అడుగుతారు.

ఐదేళ్లు దాటి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. రాత్రి ప్రయాణానికి కావాలనే అనండి. సగం డబ్బు మిగిల్చి రాత్రంతా పిల్లవాడి మోకాలు డొక్కలో గుచ్చుకుంటుంటే మర్నాడు నగరం ఏం చూస్తారు? 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది. అయితే ఆ కోటాలో ఒక టికెట్ మీద ఇద్దరికి మించి ఇవ్వరు కనుక పెద్దవాళ్లకు టికెట్ వేరుగా తీసుకోవడం మంచిది.

3. గది: అందం తర్వాత, మెట్రో ముందు

మొదటి ప్రయాణంలో తెల్లవారకముందే హోటలు చేరాం. గది మధ్యాహ్నం 12 గంటలకు గానీ ఇవ్వమన్నారు. చెక్క సోఫాలో ఏడుగురం, పదకొండు సంచులు, నిద్రమొహాలు. గది తీసుకునేటప్పుడు లోపలికి ఎన్ని గంటలకు పోనిస్తారో అడగలేదు, తప్పు మాదే. పొద్దున్నే దిగే బండి అయితే మూడు మార్గాలున్నాయి. ముందురోజు నుంచే గది తీసుకోవడం ఒకటి. స్టేషన్లోని విశ్రాంతి గదిని పీఎన్ఆర్ నంబరుతో ముందే తీసుకుని స్నానాలు కానిచ్చుకోవడం రెండోది. సామాను క్లోక్‌రూంలో పెట్టి పూల బజారుకు నడవడం మూడోది. సంచులకు తాళం లేకపోతే క్లోక్‌రూంలో తీసుకోరు. నాలుగు చిన్న తాళాలు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

మాకు మూడోదే ఇష్టం. హౌరా వంతెన అవతలి కొసలో, మెట్లు దిగితే మల్లిక్ ఘాట్ పూల బజారు. పసుపు బంతి దండలు తాడుమోకుల్లా చుట్టలు చుట్టి నెత్తి మీద మోసుకుపోతుంటారు. మా అత్తగారు ఒక్కో పువ్వునూ వేళ్లతో తిప్పి చూసి, మన పెద్దబజారు ధరతో పోల్చి, ఏమీ కొనకుండా గంటసేపు ఆనందంగా తిరిగారు. వంతెన 1943లో తెరిచారు. నదిలో ఒక్క స్తంభం లేదు, బరువంతా ఒడ్డున ఉన్న రెండు గోపురాల మీదే.

గది ఎక్కడ తీసుకోవాలన్నదానికి నా సమాధానం ఒక్కటే. దక్షిణేశ్వర్ నుంచి దక్షిణానికి పోయే మెట్రో నీలి మార్గంలో, ఎస్ప్లనేడ్‌కూ కాళీఘాట్‌కూ మధ్య ఏదో ఒక స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి. మనకు కావలసినవి చాలామటుకు ఆ గీత మీదే ఉన్నాయి. పార్క్ స్ట్రీట్ స్టేషనులో దిగితే ఇండియన్ మ్యూజియం, మైదాన్‌లోనో రవీంద్ర సదన్‌లోనో దిగితే విక్టోరియా, ఒక కొసన దక్షిణేశ్వర్, ఇటు కాళీఘాట్. దూరంగా ఎక్కడో ఈతకొలనున్న గది చవకగా దొరికిందని మురిసిపోతే మిగిలిన డబ్బు ట్యాక్సీలకే పోతుంది.

4. రోజుకు ఒకటిన్నర చోట్లు

ఇది మా ఇంటి సూత్రం. పొద్దున ఒక పెద్ద చోటు, సాయంత్రం ఒక సగం చోటు. సగం చోటు అంటే పెద్ద టికెట్ లేనిది, ఎప్పుడైనా లేచి వచ్చేయగలిగినది. ఒంటిగంట నుంచి నాలుగు వరకు గదిలో పడక. "ఇంత ఖర్చుపెట్టి వచ్చి పడుకుంటామా" అని మావారు మొదటిరోజు అంటారు. రెండో రోజు అందరికంటే ముందు ఆయనే గురక పెడతారు.

బుధవారం చేరిన రోజు కాబట్టి పగలు ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం విక్టోరియా తోట చాలు. 1921లో తెరిచిన పాలరాతి భవనం, చుట్టూ చెరువులు, గడ్డి. లోపలి ప్రదర్శనశాలకు ఓపిక ఉంటేనే వెళ్లండి. పిల్లలు తోటలో పరుగెత్తితే డబ్బు గిట్టినట్టే.

గురువారం ఉదయం ఇండియన్ మ్యూజియం. 1814లో మొదలైంది, దేశంలోకెల్లా పాతది. అంతా చూడాలంటే రెండు రోజులు కూడా చాలవు, అందుకని ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఎంచుకోమంటాం. చిన్నవాడు ఈజిప్టు మమ్మీని ఎంచుకున్నాడు, అత్తగారు రాతి విగ్రహాలను, నేను కూర్చునే బల్లను. రెండు గంటల్లో బయటపడ్డాం, ఎవరికీ విసుగు రాలేదు. సాయంత్రం పక్కనే న్యూ మార్కెట్.

శుక్రవారం దక్షిణేశ్వర్ కాళీ గుడి, గంగ అవతల బేలూరు మఠం. ఇక్కడ చాలామంది గడియారం తప్పుతారు. రెండు చోట్లా మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు. పొద్దున్నే దక్షిణేశ్వర్ చూసుకుని బేలూరు చేరేసరికి గేటు మూసి ఉంటుంది, ఎండలో ఎదురుచూపులు. దీన్ని తిరగేయండి. పొద్దుటి పూట గదిలో ఉండి, భోజనం చేసి మెట్రోలో బయలుదేరితే మధ్యాహ్నం తలుపులు మళ్లీ తీసేవేళకు దక్షిణేశ్వర్ చేరతారు. స్టేషను నుంచి గుడి దాకా ఎత్తు మీద నడకదారి కట్టారు, కింద రోడ్డు తొక్కిడి లేకుండా పెద్దవాళ్లు నెమ్మదిగా నడవవచ్చు. గుడిలోకి ఫోను పోనివ్వరు, బయట అప్పజెప్పాలి. ఒక మనిషిని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టి వంతులవారీగా వెళ్లడం నయం. దర్శనం అయ్యాక అక్కడి ఘాట్ నుంచి బేలూరుకు పడవ. పొద్దు వాలుతుండగా గంగ మీద, వెనక రాణి రాసమణి కట్టించిన 1855 నాటి తొమ్మిది శిఖరాల గుడి, ముందు బేలూరు మఠం. వివేకానందస్వామి 1902లో దేహం చాలించిన గది అక్కడే ఉంది. సంధ్యవేళ హారతికి కూర్చోండి. చివరి పడవ ఎప్పుడో ఎక్కేముందే అడగండి. తిరిగి రావడానికి హౌరాకు బస్సులుంటాయి.

కాళీఘాట్ వెళ్లదలిస్తే ఇంకో రోజు పొద్దున్నే ఆ పని ఒక్కటే పెట్టుకోండి. "ప్రత్యేక దర్శనం" అంటూ చేయి పట్టుకునేవాళ్లతో సంభావన ఎంతో ముందే తేల్చుకోకపోతే లోపల దేవి ముందు బేరం ఆడాల్సి వస్తుంది. నేను ఆడాను. సిగ్గుగా ఉంది.

శనివారం జంతుప్రదర్శనశాల, తెరిచిన వెంటనే. చలికాలం జంతువులు ఎండకు బయట పడుకుంటాయి, మధ్యాహ్నానికి జనం ముసురుకుంటారు. ఆ సాయంత్రం గడియాహాట్‌లో బట్టలు.

వదిలేసినవాటి జాబితా కూడా రాసుకున్నాం: సైన్స్ సిటీ, నికో పార్క్, ఎకో పార్క్, శిబ్‌పూర్ తోటలోని మహావటవృక్షం. ఆ కాగితం ఇప్పటికీ దేవుడి గదిలో పంచాంగంలోనే ఉంది, వచ్చేసారికి అదే ప్రణాళిక.

5. ఊళ్లో తిరగడం

మెట్రో మొదట. దేశంలో మొదటి మెట్రో 1984లో ఇక్కడే నడిచింది. 2024 మార్చి నుంచి హౌరా స్టేషను దగ్గరే మెట్రో ఎక్కి, హుగ్లీ నది కింద నుంచి ఎస్ప్లనేడ్‌లో తేలవచ్చు. నది కింద భాగం 520 మీటర్లు, దాటడానికి 45 సెకన్లు అని మావారు చదివి చెప్పారు. సొరంగం గోడల మీద నీలి దీపాలు కనబడగానే మా పెద్దమ్మాయి ఒడియాలో, అత్తగారు తెలుగులో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అమ్మాయి చాలిష్ దాటింది, అత్తగారు ముప్ఫై రెండు దగ్గర ఆగి, "పైన గంగమ్మ ఉంది కదూ" అని దణ్ణం పెట్టుకున్నారు. లెక్క ఎవరిదీ తేలలేదు. ఈ నాలుగు రోజుల్లో అన్నిటికంటే చవకైన వినోదం అదే. సామాను మాత్రం తక్కువగా ఉండాలి. హౌరా మెట్రో స్టేషను చాలా లోతు, మెట్లమీద మెట్లు దిగాలి. పెద్ద పెట్టెలుంటే ప్రీపెయిడ్ ట్యాక్సీ వరుసలో నిలబడండి. మధ్యలో వచ్చి పలకరించేవాళ్లకు తల అడ్డంగా ఊపి ముందుకు నడవండి.

అక్కడ ఆటో మన ఆటో కాదు. ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతుంది, నలుగురు నిండితే కదులుతుంది, మనిషికి ఇంత అని చార్జీ. "ఇంటి దాకా వస్తావా" అంటే వింతగా చూస్తారు. చిల్లర చేతిలో ఉంచుకోండి.

జనంలో తప్పిపోతే ఎక్కడ కలవాలో ప్రతి చోటా దిగగానే చెప్పుకోండి. హౌరా స్టేషనులో అది ఎప్పటినుంచో అందరికీ ఒకటే, పెద్ద గడియారం. 'బొడొ ఘొడి' ఎక్కడని అడిగితే కూలీ కూడా చేయి చూపిస్తాడు. పిల్లల జేబులో హోటలు చిరునామా, మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. పెద్దవాళ్ల జేబులో కూడా. మా ఇంట్లో తప్పిపోయింది పిల్లలు కాదు, మామగారు.

భాషకు భయం లేదు. ఒడియా వచ్చినవాళ్లకు బెంగాలీ సగం అర్థమవుతుంది. మన 'కెతే' అక్కడ 'కొతొ', 'కెఉఁఠి' అక్కడ 'కొథాయ్'. 'దాదా', 'దీదీ' అని మొదలుపెడితే ఎవరైనా ఆగి చెబుతారు. దారిలో ఖరగ్‌పూర్‌లో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి, రైల్వే పనికి వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లు అక్కడ బోలెడంతమంది.

6. తిండి

పులిహోర, చక్కిలాలు, మన ఊరి అప్పడాలు, ఆవకాయ సీసా. మొదటి రెండూ బండికి, చివరి రెండూ మూడో రోజుకు. మూడో రోజు ఆవనూనె వాసన ఎవరికో ఒకరికి పడదు, ఆ పూట వేడి అన్నం దొరికితే సీసా కాపాడుతుంది. ఇడ్లీ, సాంబారు మీద గాలి మళ్లితే లేక్ మార్కెట్ ప్రాంతానికి వెళ్లండి, దక్షిణాది కుటుంబాలు చాలాకాలంగా ఉన్న చోటు, హోటళ్లు ఉన్నాయి. శాకాహారులు 'నిరామిష్' అని గట్టిగా చెప్పి, చేప లేదని ఇంకోసారి అడిగి నిర్ధారించుకోవాలి.

మన గుప్‌చుప్, అంటే పానీపూరీ, అక్కడ ఫుచ్‌కా. లోపల మసాలా కలిపిన బంగాళాదుంప, పుల్లటి చింతపండు నీళ్లు. పిల్లలకైతే 'ఝాల్ కొమ్' అనండి, కారం తక్కువ వేస్తారు. నీళ్లతో చేసినవి మొదటిరోజు వద్దు, ఆఖరి రోజుకు ఉంచుకోండి. కడుపు చెడినా ఇంటికొచ్చాకే చెడుతుంది. రసగుల్లా ఎవరిదన్న గొడవ మాత్రం అక్కడ ఎత్తకండి. బెంగాల్‌కు 2017లో, ఒడిశాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రెండూ తినడమే న్యాయం.

7. కొనుగోళ్లు

పట్టుచీర కొనకండి. బరంపురం పట్టుకు పేరున్న ఊరి నుంచి వెళ్లి అక్కడ పట్టు కొనుక్కొస్తే మన నేతవాళ్లు నవ్వుతారు. కొనాల్సింది తాంత్ నూలు చీరలు, ఓపికా డబ్బూ ఉంటే జామ్‌దానీ. గడియాహాట్‌లో పేవ్‌మెంటు మీద అమ్మేవాళ్లతో బేరం ఆడండి, ధర రాసిపెట్టిన దుకాణంలో ఆడి పరువు పోగొట్టుకోకండి. ఉతికితే గంజి పోయాక ఎలా ఉంటుందో చూడటానికి కొంగు చివర వేళ్ల మధ్య నలిపి చూడమని అత్తగారి సలహా.

డబ్బు సంగతి ఒక్క ముక్క: మొత్తం అనుకున్నదానిలో పదో వంతు వేరే కవరులో పెట్టి, దాన్ని మందుకో, తప్పిపోయిన బండికో తప్ప తీయం. ఇంటి తాళం, గ్యాసు, తులసికి నీళ్లు పోయమని పక్కింటివాళ్లకు చెప్పడం మీకు నేను చెప్పేదేముంది. రక్తపోటు మాత్రలు మాత్రం పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలో.

8. తిరుగు ప్రయాణం మిఠాయి

మెత్తని సందేశ్ ఒక్క రోజు దాటితే పాడవుతుంది. బండిలో తేవాలంటే 'కొడాపాక్' అని అడగండి, గట్టిగా దగ్గరపడేదాకా కాచినది, కొంచెం ఎక్కువ నిలవ ఉంటుంది. చలికాలం అయితే కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన 'నొలెన్ గుడ్' రకం తప్పక దొరుకుతుంది. రసగుల్లాలు మట్టి కుండలో ముచ్చటగా ఉంటాయి, ఖరగ్‌పూర్ దాటేలోపు పాకం సంచిలోకి కారుతుంది. మూత బిగిసిన డబ్బాలో పెట్టించుకోండి.

డబ్బాను బెర్తు కింద పెట్టకండి, కొక్కేనికి తగిలించండి. మేము కింద పెట్టాం. బరంపురంలో దిగి చూస్తే అట్టపెట్టె మూలన గుండ్రని కన్నం, లోపల పద్దెనిమిది సందేశ్‌లకు పదకొండు. మిగిలినవి ఎవరికీ పంచలేక, పారేయలేక మా అత్తగారు ఆటోలో ఇంటిదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.